కారణం అన్న గడి

ఎనభై ఐదు వేలు.
చిట్టీ పాట పాడి, నష్టానికి ఎత్తుకున్న పైసలు.
కట్టిన రోజు మేఘన మేడం
బాదంపాలు తెప్పించింది. సర్ అన్నది.
ఏసీ ఎక్కువైందా అని అడిగింది.
వాపస్ అడిగిన రోజు
'అన్నా, జర పక్కకు నిలబడు' అన్నది.

నేను లిఫ్టుల మెకానిక్‌ని.
దినమంతా అద్దాల పెట్టెలల్ల బతికేటోణ్ణి,
మూడు దిక్కులా నేనే.
రోహిణి కార్తె ఎండల కూడా
రెండు బనీన్ల మీద చొక్కా.
భుజాలు ముందుకు వంచి
ఛాతీని మింగేసే నడక
తొమ్మిదో తరగతిలనే వచ్చింది నాకు,
ఎవరూ నేర్పలే.
బోనాల నాడు గల్లీ పోరగాళ్లంతా
అంగీలు విప్పి ఎగురుతుంటే
వాళ్ల చెప్పులకు కావలి నేను.

ఆపరేషన్‌కు వారం ముందు ఫోటోలు తీసిండ్రు.
తెల్లగోడ. ఛాతీ మీద ఊదా పెన్నుతో
గీతలు, బాణాలు, రెండు సున్నాలు.
తెర నా దిక్కు తిప్పి చూపించింది ఒక పిల్ల.
మెడ కాడికి కోసేసిన ఫోటో.
'మీ ప్రైవసీ కోసమే సర్.'

సిగ్గంతా తలకాయలనే ఉంటదేమో.
అది తీసేస్తే
మిగిలింది వట్టి ఒక ఒళ్లు,
కొంచెం మెత్తగ, చలికి కొంచెం ముడుచుకొని.
ఎవరిదో, పాపం, అనిపించింది.

ఇంటికొచ్చి సబ్బు పెట్టి రుద్దిన.
మూడు రోజులు పోలే ఊదారంగు.
నాలుగో రోజు ఫోన్ చేసి వద్దన్న.

ఫారం ఇచ్చిండ్రు.
పేరు: సుంకరి కొండల్.
బిల్లు నంబరు, ఖాతా నంబరు రాసిన.
కారణం అన్న గడి కాడ
సెన్సార్ చెడిన తలుపు లెక్క అయింది నా చెయ్యి,
మూసుకోబోయి, తెరుచుకొని, మళ్లీ మూసుకోబోయి.
'భయమైందా?' అడిగింది కౌంటర్‌ల రుక్సానా.
కాదన్న.
'పైసలు తక్కువ పడ్డయా?'
కాదన్న.
'ఇంట్లో ఒప్పుకోలేదని రాయి భయ్యా,
అందరూ అదే రాస్తరు.'
రాసిన.
మా ఇంట్ల ఎవరికీ ఈ సంగతే తెల్వదు.

ఆరుసార్లు తిరిగిన.
ఉప్పల్ కాడ మెట్రో ఎక్కి, చెక్‌పోస్ట్ కాడ దిగి,
ఆ బిల్డింగుల లిఫ్టు ఎక్కి.
అది మా కంపెనీదే.
సర్వీసు అట్ట మీద జనవరి గడిల
నా సంతకమే నన్ను చూసి నవ్వేది.

మేనేజర్ కాగితం తిప్పిండు.
డాక్టర్ చూసినందుకు పదిహేను వందలు,
రక్త పరీక్షలకు మూడువేల రెండు వందలు,
ఓటీ ఆపి పెట్టినందుకు పన్నెండు వేలు,
ఫోటోలకు రెండు వేలు.
'పైసలు పట్టుకుంటే ఫోటోలు నావే కద సార్, ఇయ్యిండ్రి.'
'పాలసీ' అన్నడు.
గట్టిగ అరుద్దామనే పోయిన ఆ రోజు.
సోఫాల ముక్కుకు పట్టీ కట్టుకున్న ఒకమ్మాయి
నీళ్ల గ్లాసును రెండు చేతులతో పట్టుకొని కూసున్నది.
అరవలే.
వినియోగదారుల ఫోరంకు పోత అని
పాత రసీదు వెనక రాసి బల్ల మీద పెట్టి వచ్చిన.
ఫోరం ముందు మాటల ఒక అక్షరం తప్పు పోయింది,
మెట్రోల గుర్తొచ్చింది.

నలభై మూడో రోజు.
కొండాపూర్‌ల ఒక టవరు,
పద్నాలుగో అంతస్తు ఎత్తుల, షాఫ్టు లోపల,
క్యాబిన్ నెత్తి మీద కూసొని
తాళ్లకు పట్టిన జిడ్డు తుడుస్తుంటే
జేబుల టింగుమన్నది ఫోను.
అరవై ఆరు వేల మూడు వందలు.

గాలి లేదు. గ్రీజు వాసన, ఏప్రిల్ ఉక్క.
చొక్కా విప్పిన.
పై బనీను విప్పిన.
ఆగిన.
ఎక్కడో కింద ఎవరో బటన్ నొక్కుతున్నరు,
రాని లిఫ్టు కోసం, మళ్ల మళ్ల.
కింది బనీను కూడా విప్పి చెమట పిండుకున్న.

ఎల్లేశం టార్చి నా మీదికి వచ్చింది,
జరసేపు నిలబడ్డది.
'అన్నా, పద్నాలుగు నంబర్ పానా నీ కాడుందా?'

ఇచ్చిన.